మోటార్లు ఆగిన పొద్దు

నేను ఒక ఇత్తడి కుళాయిని. ఎవరెవరివో సొట్టలు పడ్డ చెంబులూ పళ్లేలూ కరిగించి నన్ను పోశారు. మొదట ఒక కల్యాణమండపంలో, చేతులు కడుక్కునే చోట ఉన్నాను. కడుపు నిండినవాళ్లు కుళాయి కట్టేసి పోవడం నేను చూడలేదు. మండపం పడగొట్టాక పైపుల పనివాడు నన్ను విప్పి తెచ్చి, ఊరి చివరి వీధిలో ఆఖరి ఇంటిముందు బిగించాడు. ఆ ఇల్లు మస్తానమ్మది. దోసెల పిండి రుబ్బి అమ్ముకునే మనిషి. ఆరోజు నా మెడకి పసుపు రాసి బొట్టు పెట్టింది. అన్ని పెళ్లిళ్లు చూసినా నాకు బొట్టు పెట్టింది ఆమె ఒక్కతే.

అయితే నీళ్లే అరుదు. మోటారు లేనిదే మేడమీది ట్యాంకుకి నీళ్లెక్కవని, వీధిలో నాకంటే ముందున్న పై ఇళ్లవాళ్లంతా మునిసిపాలిటీ పైపుకి దొంగ మోటార్లు తగిలించి లాగేసేవాళ్లు. కొసనున్న నాకు సన్నటి దార మిగిలేది. దానికింద బిందె పెట్టి, పసిబిడ్డకి పాలు పట్టినంత ఓపిగ్గా కూర్చునేది మస్తానమ్మ. నీళ్లు లేని రోజు ఆమెకి పిండీ లేదు, బేరమూ లేదు.

ఇంతలో వీధి వెనక పొలంలో మూడొందల ఫ్లాట్లు కడతాం, నీళ్లివ్వమని ఒక కంపెనీ మునిసిపాలిటీని అడిగింది. ఉన్న నీళ్లు వాటికీ సరిపోతాయో లేదో చూడ్డానికి ఇంజనీరు వస్తున్నాడని కబురొచ్చింది. జరిమానా భయంతో వీధి వీధంతా మోటార్లు పీకి మంచాల కింద దాచింది. కుళాయిలు కూడా కట్టేసి, ఏమీ ఎరగనట్టు గుమ్మాల్లో నిలబడ్డారు. పెద్దమనిషితనం ఆ వీధికి ఒక్క పూటకి వచ్చింది.

ఇంజనీరు నాకు నీళ్ల జోరు కొలిచే ముల్లు మీటరు బిగించి చూశాడు. తర్వాత దాన్ని విప్పి నన్ను తిప్పాడు. బుసకొడుతూ నీళ్లు దూకాయి.

"భేషుగ్గా ఉందే! ఆఖరి ఇంటికే ఇంత జోరుంటే ఫ్లాట్లకి ఢోకా లేదు" అంటూ జేబులోంచి పెన్ను తీశాడు.

మస్తానమ్మ బిందె నిండి పొర్లింది. ఆమె రెండు చేతులూ దారలో పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత చీరకి చేతులు తుడుచుకుంది.

"రాయమాకయ్యా. ఇయ్యి రోజూ వచ్చే నీళ్లు కాదు" అని, పక్కనున్న పైయింటివైపు తిరిగి కేకేసింది. "చెంచయ్యన్నా! నీ మోటారు తెచ్చి పెట్టు."

"ఏం మోటారు? నా దగ్గర మోటారేడిది?"

"మంచం కింద దుప్పటి కప్పి పడుకోబెట్టావుగా! మీ అత్తనన్నా అంత బాగా చూసుకున్నావా?"

"జరిమానా నువ్వు కడతావా?"

"రేపు ఫ్లాట్లోళ్లు నీకంటే పెద్ద మోటార్లు పెడితే, నువ్వూ బిందె తెచ్చుకొని నా పక్కన కూర్చోవాల్సిందేగా అన్నా!"

చెంచయ్య గొణుక్కుంటూనే మోటారు మోసుకొచ్చి బిగించాడు. ఆ వెనక మరో ఇల్లు, మరో ఇల్లు. వీధంతా గుర్రుమంది. నా దార నూలుపోగంత అయింది, బొట్లయింది, చివరికి ఒట్టి గాలి దగ్గాను. తన వాకిట్లో దూకిన నీళ్లని ఆమె అలా తానే ఆపించుకుంది.

ఇంజనీరు మళ్లీ మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు. కొత్త లైను వేసేదాకా ఫ్లాట్లకి నీళ్లివ్వలేమని రాశాడు. జరిమానాలూ రాశాడు. ఆరోజు వీధిలో ఎవరూ మస్తానమ్మ దగ్గర పిండి కొనలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె నాకింద బిందె పెట్టి కూర్చుంది. పైయింట్లో చెంచయ్య మోటారు మోగుతోంది. ఉన్నట్టుండి ఆగింది.

"పట్టుకో. నిండినాక కేకెయ్యి" అన్నాడు గోడ అవతలనుంచి, మొహం చూపించకుండా.

మిగతా మోటార్లు నడుస్తూనే ఉన్నాయి. బిందె నిండడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అతను ఇంకా కాలేదా అని ఒక్కసారైనా అడగలేదు.