దొరగారు చెప్పని మాట

"ఈ ఏడు మీకు శ్రమ లేదు మాస్టారండీ. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను. హాయిగా కూర్చుని వినండి" అన్నాడు ఫిన్నీ.

హాయిగా అట! పదకొండేళ్లుగా చల్లపల్లి ఉజ్జీవ సభల్లో హెరాల్డ్ దొరగారి పక్కన నిలబడి ఆయన ఇంగ్లీషు ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది ఎవరు? నేను, ఈ డేనియల్ మాస్టారు. ఆయన చెయ్యెత్తితే నేనూ ఎత్తాను. ఆయన గొంతు తగ్గిస్తే నేనూ తగ్గించాను. ఆయన కళ్లు తుడుచుకుంటే నేనూ జేబురుమాలు కోసం తడుముకున్నాను. ఇప్పుడు ఆ పనంతా ఒక యాప్ చేస్తుందట. దొరగారు మైకులో మాట్లాడగానే ఏఐ విని, తెలుగులోకి మార్చి, స్పీకర్లలో వినిపిస్తుందట. ఫిన్నీ హైస్కూల్లో నా దగ్గరే ఇంగ్లీషు చదువుకున్నాడు. ఇప్పుడు మా సంఘానికి పాస్టరు. టెన్సులు ఇప్పటికీ సరిగ్గా రావు గానీ యాప్‌లు మాత్రం బాగా వచ్చు.

"అది తప్పు చెబితేనో?" అన్నాను.

"చెప్పదండీ. దొరగారు ఏమంటే అదే చెబుతుంది. ఒక్క ముక్క ఎక్కువ ఉండదు, ఒక్క ముక్క తక్కువ ఉండదు."

ఆ మాటకి నాకు ఒళ్లు మండాలి. మండింది కూడా. కానీ దానికంటే ముందు గుండె జారింది.

మొదటి రోజు ఉదయం సభ మొదలైంది. దొరగారిది కెనడా. ఆరడుగుల పైచిలుకు మనిషి, గొంతు విప్పితే షామియానా అదురుతుంది. అంతటి మనిషి నోరు తెరవగానే స్పీకర్లలోంచి, రైళ్లు ఆలస్యమైనందుకు స్టేషన్‌లో చింతించే అమ్మాయి గొంతు వచ్చింది. ఆయనే ఉలిక్కిపడి "ఓ బాయ్" అన్నారు. "ఓ బాలుడా" అంది యంత్రం. ముందు కూర్చున్న సండే స్కూలు పిల్లలు, ఎవర్ని పిలిచారోనని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

పైగా ఆయన మాట అన్న ఆరు సెకన్లకి గానీ తెలుగు రాదు. ఆయన ఒక జోకు వేసి, ముందుకెళ్లి, సిలువ దగ్గరికి చేరేసరికి జనానికి జోకు అందింది. ప్రభువుకి మేకులు కొడుతుంటే పందిరి కింద జనమంతా ఘొల్లున నవ్వారు. దొరగారు బిత్తరపోయి నా వంక చూశారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. నన్నెందుకు చూడటం? నేను హాయిగా వినడానికి వచ్చాను.

"ఏవండీ, ఆ ముసిముసి నవ్వులు ఆపండి. అందరూ చూస్తున్నారు" అంది మా ఆవిడ స్టెల్లా.

నా నవ్వు సభ అయ్యేదాకానే. బయటికి వస్తుంటే మా సంఘంలో పెద్దావిడ దానమ్మగారు ఆపేశారు.

"ఏం మాస్టారూ, దొరగారు కబడ్డీ మానేశారా? ప్రతి ఏడూ కూత ఆపకుండా గీత దాటొచ్చిన కుర్రాడి కథ చెప్పేవోరు. ఈసారి ఎవరో మంచు మీద కర్రలట్టుకుని పరిగెత్తారంటన్నారు."

"పెద్దవారయ్యారు కదండీ, మర్చిపోయి ఉంటారు" అన్నాను.

ఇదండీ నా బండారం. దొరగారు ఏనాడూ కబడ్డీ చెప్పలేదు. ఆయన చెప్పింది ఐస్ హాకీ. చల్లపల్లిలో ఐసంటే చేపల పెట్టెల్లో వేసేది. దాని మీద ఆటేమిటో, గోలేమిటో నేను వివరించేలోపు ఆయన ప్రసంగం ముగిసిపోతుంది. అందుకే హాకీని కబడ్డీ చేశాను. గడ్డకట్టిన సరస్సు మీద ఆయన నడిచిన నడకని ఎండాకాలం కృష్ణలో ఇసుక మీద నడిపించాను. అక్కడక్కడ ఆయన చెప్పడం మర్చిపోయారనిపించినవి కూడా చెప్పాను. కబడ్డీ సంగతి బయటపడితే స్టెల్లా నాలుగు రోజులు నవ్వుతుంది, అంతే. నా భయం యేసుబాబు గురించి.

యేసుబాబుది మా వీధే. బెజవాడ ఆటోనగర్‌లో బ్రేకులు బాగుచేసే షాపు ఉంది, వారమంతా అక్కడే ఉంటాడు. తొమ్మిదేళ్ల కిందట అతను మధ్యాహ్నం బాగుచేసి పంపిన మినీ లారీ, సాయంత్రం కాలవ గట్టు మీద బ్రేకులు పడక నీళ్లలోకి పోయింది. డ్రైవరు చనిపోయాడు. పగిలింది వేరే పాత పైపు, ఇతను ముట్టుకోని పైపు అని పోలీసులే తేల్చారు. యేసుబాబు నమ్మలేదు. షట్టరు దించేసి ఇంట్లో కూర్చున్నాడు. పద్నాలుగు నెలలు పానా ముట్టుకోలేదు. భార్య చెప్పింది, పాస్టరు చెప్పాడు, నేనూ వెళ్లి చెప్పాను. "జాలి పడి చెబుతున్నారు లెండి" అనేవాడు.

మరుసటి ఏడు సభకి వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరికీ కనబడకూడదన్నట్టు. దొరగారు శిష్యుడు పేతురు గురించి చెబుతున్నారు. ప్రభువుని ఎరగనని మూడుసార్లు అబద్ధమాడినవాడికి ప్రభువు తన పని మళ్లీ అప్పగించాడని చెప్పి, నీళ్లు తాగడానికి ఆగారు. ఆయన గ్లాసు కింద పెట్టేలోపు నేను చెప్పేశాను. "అబద్ధమాడిన నోటితోనే నా మాట చెప్పమన్నాడు దేవుడు. తప్పు జరిగిన చేత్తోనే పని చెయ్యి, నాకు ఆ చెయ్యే కావాలి అన్నాడు. వెళ్లి రేపు పొద్దున షట్టరెత్తు."

యేసుబాబు మర్నాడు షట్టరెత్తాడు. ఊళ్లో వాళ్లు చెబితే జాలి. తన పేరు కూడా తెలియని మనిషి సముద్రాలు దాటొచ్చి షట్టరెత్తమంటే, అది దేవుడు చెప్పించింది కాక మరేమిటని అతని లెక్క. షాపు ముందు ఎర్రటి అక్షరాలతో బోర్డు రాయించాడు: 'తప్పు జరిగిన చేత్తోనే పని చెయ్యి. నాకు ఆ చెయ్యే కావాలి.' కింద 'బ్రదర్ హెరాల్డ్' అని పేరు. రోజూ ఆ బోర్డుకి దణ్ణం పెట్టుకున్నాకే పనిలో దిగుతాడు. ఆ మాట నాదని తెలిస్తే అది మళ్లీ జాలి అయిపోతుంది. అప్పుడు మళ్లీ ఆ చేతులు తొడల కిందికి పోవని ఎవరు చెప్పగలరు?

దొరగారితో మాట్లాడించమని ప్రతి ఏడూ అడుగుతూనే ఉన్నాడు. నేను తప్పిస్తూనే ఉన్నాను. ఒక ఏడు ఆయనకి జ్వరమన్నాను, ఒక ఏడు విమానానికి టైమైందన్నాను. రెండో రోజు అతనే ఫోన్ చేశాడు.

"మాస్టారూ, రేపొద్దున వస్తన్నానండీ. ఇప్పుడు మీకు శ్రమ లేదంట కదా, ఫోన్లోనే మాట్లాడొచ్చంట. బోర్డు ఫొటో తెస్తన్నా."

నాకు శ్రమ లేకుండా చెయ్యాలని ఊరంతా కంకణం కట్టుకున్నట్టుంది. పరుగున ఫిన్నీ దగ్గరికి వెళ్లాను. యాప్ ఉన్న ఆ ఫోను ఎవరికీ ఇవ్వొద్దన్నాను. ఎందుకంటాడు. ఎందుకో చెప్పలేను. ఊరికే ఇవ్వొద్దన్నాను.

"టెక్నాలజీని యాక్సెప్ట్ చెయ్యాలి మాస్టారండీ" అన్నాడు, ఏడుస్తున్న పిల్లాణ్ని ఊరుకోబెడుతున్నట్టు. "మీకు బాధగా ఉంటుంది. ఐ కెన్ అండర్‌స్టాండెడ్."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మూడో రోజు సభ అయ్యాక పందిరి వెనక ఇడ్లీలు తింటున్నాం. యేసుబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎంత తోమినా గోళ్లలో గ్రీజు పోలేదు. ఫిన్నీ ఫోను ఆన్ చేసి అతని చేతిలో పెట్టి, స్పీకర్లు విప్పేవాళ్ల మీద అరవడానికి వెళ్లాడు. యేసుబాబు ఫొటో చూపించి, ఫోన్లోకి పెద్దగా, ఆగి ఆగి చెప్పాడు. లారీ, కాలవ, పద్నాలుగు నెలలు, షట్టరు, అన్నీ. "ఎనిమిదేళ్ల కిందట ఇక్కడే తమరు చెప్పిన మాటండీ ఇది."

ఫోను అదంతా ఇంగ్లీషులో చెప్పింది. చక్కగా చెప్పింది. దొరగారు ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి ఫొటో దగ్గరగా చూశారు, తల అడ్డంగా ఊపి ఏదో అన్నారు. నా చేతిలో చట్నీ ఒలికింది.

"ఇది చాలా మంచి మాట. కానీ నేను ఎప్పుడూ ఇలా చెప్పలేదు. ఇది ఎవరు చెప్పారు?" అంది అమ్మాయి గొంతు.

మూడు రోజుల్లో ఆ దరిద్రపు యంత్రం ఒక్క తప్పు కూడా లేకుండా తెలుగు చెప్పింది అప్పుడే!

యేసుబాబు ఫోను వైపు చూశాడు, దొరగారి వైపు చూశాడు, చివరికి నా వైపు తిరిగాడు. "ఏంటి మాస్టారూ ఇది? ఆయన చెప్పలేదంటన్నారేంటి? మరెవరు చెప్పారండీ?" ఫోను పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగుతోంది.

"ఆ ఫోను మాట పట్టుకుంటావేంటయ్యా!" అని అరిచాను. "మొన్న పిల్లల్ని ఓ బాలుడా అని పిలిచింది అదే కదూ? దొరగారు అన్నది అది కాదు. ఆ మాట చెప్పినట్టు ఆయనకి బాగా గుర్తుందంట. నువ్వు షట్టరెత్తావా లేదా అని అడుగుతున్నారు."

ఆ పాడు ఫోను ఆన్‌లోనే ఉంది. నేను అన్న ప్రతి ముక్కా, నా అరుపుతో సహా, శుభ్రమైన ఇంగ్లీషులో దొరగారికి అప్పజెప్పింది. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేను కళ్లు మూసుకున్నాను. డెబ్బై దగ్గర పడ్డవాణ్ని, ఇడ్లీల దగ్గర అబద్ధికుడిగా దొరికిపోయాను.

దొరగారు నన్ను చూశారు. పదకొండేళ్లు పక్కపక్కనే నిలబడ్డాం, ఆయనకి నా గొంతు తెలుసు. తర్వాత యేసుబాబు చెయ్యి చూశారు. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా మాట్లాడారు. ఎప్పటిలాగే ఆరు సెకన్లు పట్టింది. అంత పొడుగు ఆరు సెకన్లు నా జన్మలో చూడలేదు.

"క్షమించండి. నేను ముసలివాణ్ని, మర్చిపోయాను. నేను ఇలాగే చెప్పాను. మీరు షట్టరు ఎత్తారా?" అంది ఫోను.

"ఎత్తానండీ" అన్నాడు యేసుబాబు. "తమరు చెప్పిన మర్నాడే ఎత్తానండీ. మళ్లీ దించలేదు." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

అంతలో నా అరుపు ఎవరో మోసినట్టున్నారు, ఫిన్నీ రొప్పుతూ వచ్చాడు. "ఏంటి మాస్టారండీ, యాప్ తప్పు చెబుతోందన్నారంట?"

"ముందేదో తడబడింది పాస్టరుగారూ" అన్నాడు యేసుబాబు కళ్లు తుడుచుకుంటూ. "తర్వాత కరెక్టుగా చెప్పిందండీ. ప్రతి ముక్కా కరెక్టు."

"చూశారా! తప్పు దిద్దుకుంది. ఏఐ అంటే అదే మాస్టారండీ. వచ్చే ఏడు కూడా ఇదే పెట్టేద్దాం. ఇప్పుడైనా ఒప్పుకుంటారా?"

అసలు సంగతి నోటిదాకా వచ్చింది. యేసుబాబు మొహం చూసి మింగేశాను.

"ఒప్పుకుంటాను" అన్నాను.

ఫిన్నీ ఫోను ఆపి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. యేసుబాబు షాపులో లారీ విప్పదీసి ఉందంటూ బస్సుకి పరిగెత్తాడు. దొరగారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఈ పదకొండేళ్లలో తను ఇంకా ఏమేం చెప్పారో కాస్త చెప్పమని ఇంగ్లీషులో అడిగారు.

కబడ్డీతో మొదలుపెట్టాను.