డ్రిల్లు మాస్టారి జ్యోతి

నేను ఒక పనసచెక్క పీటను. ఉద్దానంలో గాలివానకు కూలిన చెట్టు దుంగలోంచి బంగారయ్య అనే వడ్రంగి నన్ను చెక్కి, పొట్టి కాళ్లు తగిలించి, విజయనగరంలో అమ్మాడు. కొన్న ముసలావిడ కట్టెలపొయ్యి ముందు నా మీద కూర్చుని ఇంటిల్లిపాదికీ వండిపెట్టింది. ఆవిడ పోయాక గ్యాసుపొయ్యి, డైనింగ్ టేబులు వచ్చాయి. నేను అటకెక్కాను. అక్కడే ఉండనిచ్చినా బాగుండేది.

ఆవిడ కొడుకు పాపినాయుడు గారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన ఈల ఊదితే వందల మంది పిల్లలు ఒంటికాలి మీద నిలబడేవారట. రిటైరయ్యాక ఆ ఈలకు ఇంట్లో పిల్లి కూడా లేవలేదు. ఏం తోచక సత్సంగంలో చేరారు. పనసపీట మీద జపం మంచిదని అక్కడెవరో అనగానే నన్ను దింపి, బూజు దులిపి, పూజగదిలో వేశారు. నా జన్మ ధన్యమైందనుకున్నాను. చెక్కబుద్ధి!

ఏటా కార్తీకంలో ఒక స్వామీజీ వచ్చి సత్సంగంలో మాట్లాడేవారు. ఆ మాటలు మాస్టారు ఇంటికొచ్చి భార్య పైడితల్లమ్మకు అప్పజెప్పేవారు. లోపల ఎదుగుతున్నామా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? రావలసిన చోట కోపం రాదట. ‘నేను, నేను’ అనడం తగ్గుతుందట. పక్కవాళ్ల నొప్పి మనకు తగులుతుందట. ఇంత తేటగా చెబితే మాస్టారికి ఎక్కుతుందా? ఆయనకు కావలసింది కనుబొమల మధ్య జ్యోతి. సత్సంగంలో మల్లేశు గారికి నీలం వెలుగు కనబడిందట, ఇంకొకాయనకు శంఖనాదం వినబడిందట. షుగరెంత, బీపీ ఎంత అని చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు వీళ్లు. మా మాస్టారికి ఏళ్లు గడిచినా చీకటే. అనుభవం అడిగి గానీ స్వామీజీ మంత్రోపదేశం చెయ్యరట. వచ్చే కార్తీకంలో అది పొంది తీరాలని మాస్టారు పంతం పట్టారు. ఏమీ కనబడకపోతే నీలం వెలుగే తనకూ కనబడిందని చెప్పేద్దామని భార్యతో అననే అన్నారు.

నా బాధ ఎవరితో చెప్పుకోను? రోజూ విసుగుతో కూర్చుని, అదే విసుగుతో లేస్తారు. ఎక్కడి గొంగళి అక్కడే.

ఇక ఏకాదశి అంటే నాకు హడల్. ఆ రోజు ఆయనకు మౌనవ్రతం. నోరు మూసుకుంటారు గానీ చెయ్యి ఊరుకోదు. వేలికణుపులతో నన్ను ఒకసారి మొడితే కాఫీ, రెండుసార్లు మొడితే ఫ్యాను ఆపమని, ఎడాపెడా బాదితే కోపం వచ్చిందని. నేను జపానికి వచ్చానా, డప్పుగా వచ్చానా?

"మాటాడిన రోజే నయమండీ బాబూ" అనేది పైడితల్లమ్మ, వంటింట్లోంచి పరిగెత్తుకొస్తూ.

తొలి ఏకాదశి పొద్దున పెరట్లో నాచు మీద కాలు జారి ఆవిడ పడిపోయింది. "ఏవండీ!" అన్న కేక నాకు వినబడింది. ఆయనకూ వినబడింది. జపం మధ్యలో పిలుస్తుందా అని కళ్లు తెరవకుండానే నన్ను బాదారు. మళ్లీ పిలిచింది, మళ్లీ బాదారు. లేవయ్యా మహానుభావా అని అరవాలనిపించింది. చెక్కకు నోరేది? ఆ తర్వాత పిలుపు ఆగిపోయింది. అప్పుడు లేచారు, కళ్లతోనే చీవాట్లు పెడదామని. మరుక్షణం "పైడీ!" అని వీధి వీధంతా వినబడేలా అరిచారు. మౌనవ్రతం ఆ అరుపుతో సరి.

కాలు విరిగింది. కట్టు వేసిన ఆ కాలికి ఎత్తు కోసం నన్ను కుర్చీ ముందుకు తెచ్చి, మీద తలగడ వేశారు. ఒకరోజు పైడితల్లమ్మ చేతికర్రతో నన్ను ఒకసారి కొట్టింది. కాఫీ అన్నమాట! నేను బిగుసుకుపోయాను. అయిందిరా ఇవాళ అనుకున్నాను.

"వస్తన్నానే. డికాషన్ దిగనీ" అని వంటింట్లోంచి జవాబొచ్చింది.

ఆవిడ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఇది కాఫీయేటండీ? కుడితి."

ఇదివరకైతే గ్లాసు గోడకు తగిలేది. మాస్టారు ఆ గ్లాసందుకుని రుచి చూసి, "కుడితే నయమే" అని నవ్వి, మళ్లీ కలపడానికి వెళ్లారు. ఆవిడ కాలు కదిపితే ఈయన మొహం ముడుచుకునేది. ‘నేను’ అన్న మాట ఆ ఇంట్లో విని ఎన్నాళ్లయిందో! ఇదే కదయ్యా స్వామీజీ చెప్పింది, చూసుకోవేం అని లోలోపల గింజుకున్నాను. ఆయన మాత్రం పూజగది వంక చూసి, "సాధనంతా గంగలో కలిసిపోయింది" అని నిట్టూర్చేవారు.

కట్టు విప్పారు. ఆవిడ నడిచింది. కార్తీకం వచ్చింది, స్వామీజీ వచ్చారు. మాస్టారు సత్సంగానికి ఇలా వెళ్లి అలా తిరిగొచ్చేశారు.

"ఉపదేశం?" అంది ఆవిడ.

"అనుభవాలేటని అందర్నీ అడుగుతున్నారే. నా వంతు రాకముందే లేచొచ్చేశాను."

"నీలం వెలుగని చెప్పీవలిసింది."

"కనపడనిది కనపడిందని ఎలా చెప్తానే?"

నా కాళ్లు నాలుగూ అదిరాయి. ఇంకేం కావాలయ్యా నీకు! ఆయన మొహం చూస్తే సర్వం పోగొట్టుకున్నవాడిలా ఉంది.

మర్నాడు నన్ను శుభ్రంగా కడిగి, పూజగదిలో వేశారు. పైడితల్లమ్మ గుమ్మం దగ్గర నిలబడి అడిగింది. "రేపు ఏకాదశి. మౌనమేనా?"

"వద్దులేవే. నువ్వు పిలిస్తే పలకొద్దా?"

చాలా మామూలుగా అని నా మీద కూర్చున్నారు. వెన్ను నిటారుగా పెట్టి, కళ్లు మూసుకుని, కనుబొమల మధ్య వెతకసాగారు. కాసేపటికి పెద్ద నిట్టూర్పు.

"ఏటీ కనపడ్డం లేదే, పైడీ."