మూఢంలో కొనని జనరేటర్

మా ఆయన పెళ్ళిచూపులకి వచ్చి నన్ను పావుగంటలో ఒప్పేసుకున్నారు. జనరేటర్‌ని మాత్రం ఏడాది దాటినా ఒప్పుకోలేకపోయారు. పెళ్ళాం కన్నా జనరేటర్‌నే జాగ్రత్తగా చూసి తెచ్చుకోవాలని ఆలస్యంగా తెలిసింది కాబోలు.

సింగపూర్‌లో, అందులోనూ టాంపినీస్ ఫ్లాట్లో ఉండేవాళ్ళకి జనరేటర్ ఎందుకని మీరడగచ్చు. ఇక్కడ కరెంటు పోదు. పోయేవి నా కాళ్ళు. నాకు నరాల జబ్బు. ఒంటికి వేడి తగిలిందంటే ముందు కాళ్ళు చెప్పిన మాట వినవు, తరవాత చేతులు, ఆ తరవాత చూపు. చల్లబడితే కొంత తిరిగొస్తాయి. అంచేత ఏసీ గదిలోనే నా కాపురం. ఏడాదంతా ఎండే ఉండే ఊళ్ళో కాపురమున్నదానికి ఇదే జబ్బు దొరికిందా అని దేవుణ్ణి చాలాసార్లు తిట్టుకున్నాను.

మాది చీరాల దగ్గర వాడరేవు. అలల చప్పుడు వింటూ పెరిగినదాన్ని. పూర్తిగా మంచాన పడేలోపు ఒక్కసారి, అలలున్న సముద్రం ఎదురుగా ఒక పగలంతా గడపాలని నా కోరిక. ఇక్కడి ఈస్ట్ కోస్ట్‌లో సముద్రముంది గానీ, బారులు తీరిన ఓడలు తప్ప అల అన్నది లేవదు. దానికన్నా మా ఊరి చెరువు నయం. వంతెన దాటి మలేషియాలోకి వెళితే, తూర్పు తీరంలో అసలైన అలలున్నాయి. అక్కడ మాకు తెలిసిన భద్రయ్య అంకుల్‌కి ఒక ట్రైలర్ ఉంది. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లన్నమాట. లోపల మంచం, వంటగట్టు, కప్పు మీద ఏసీ. తాతల నాడు రబ్బరు తోటల్లో పనికొచ్చి అక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఇసక అంచుదాకా తెచ్చి నిలబెడతాను, మంచం మీంచే సముద్రం చూడు తల్లీ అని మాటిచ్చారు. అక్కడ కరెంటు మాత్రం లేదు. ఏసీ నడవాలంటే మన జనరేటర్ మనం తెచ్చుకోవాలి.

మా ఆయన సుధాకరరావుగారు ఇక్కడి వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో సర్క్యూట్లు గీసే ఇంజనీరు. పని తెలిసినవాడికి సందేహాలు ఎక్కువ. ఏసీకి నడిచేటప్పుడు కన్నా మొదలయ్యేటప్పుడు రెండు మూడు రెట్లు కరెంటు కావాలట. చిన్నది తెస్తే, ఏసీ లేవబోయే క్షణంలోనే జనరేటర్ చతికిలబడుతుందట. నాకు అర్థమయ్యేలా బొమ్మ గీయబోయారు. అక్కర్లేదన్నాను. నన్ను మంచం మీంచి లేపడానికి మీరూ అమ్మాయీ ఇద్దరూ కావాలి, లేచి నిలబడ్డాక ఒక్కరి భుజం చాలు, అంతేగా అన్నాను. ఆయన పెన్నుకి మూత పెట్టేశారు.

పోనీ పెద్దది కొందామంటే, అది కారులో నా వీల్‌చెయిర్ పక్కన పట్టదు, ఆయన నడుము దాన్ని ఎత్తలేదు. పైగా మోత. అలలు వినడానికి వెళ్ళి రైసుమిల్లు వినాలా అని నేనే అడ్డం పడ్డాను. మోత తక్కువ రకాలున్నాయి గానీ, ఎండలో వాటి సత్తువ తగ్గుతుందని ఇంకో లెక్క. ఏసీని మెల్లగా లేపే చిన్న పెట్టె ఒకటి బిగిస్తే చిన్న జనరేటరే చాలునని ఎవరో చెప్పారు. అది ఆ ఏసీకి పడుతుందా అని భద్రయ్య అంకుల్‌కి ఫోన్ల మీద ఫోన్లు. బ్యాటరీ అయితే పొగా మోతా ఉండవు, కానీ భోజనాల వేళకి ఖాళీ. జనరేటర్ పొగ లోపలికొస్తే నిద్రలోనే ప్రాణం పోతుందని చదివి, ఏ గాలికి ఎటువైపు పెట్టాలో ఊరందరినీ అడిగారు. ఎప్పుడు వెళదామని నన్నొక్కదాన్నే అడగలేదు.

మా అమ్మాయి చాందిని ఇక్కడే పుట్టిన పిల్ల, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషే దానిది. ఒకరోజు అన్నాల దగ్గర, "నాన్నా, జస్ట్ బై వన్ లా. అమ్మ కాంట్ వెయిట్ ఫరెవర్," అంది.

ఏది కొనాలో ఆ వారంలోనే తేల్చేశారు. మోత లేని రకం, మెల్లగా లేపే పెట్టెతో సహా. ఆయన ఎత్తగలిగే బరువే. పెట్రోలు అంకుల్ వాళ్ళ ఊళ్ళోనే దొరుకుతుంది కాబట్టి, ఫ్లాట్లో దాని డబ్బా పెట్టుకునే భయం కూడా లేదు. నేను మెత్తటి నేత చీర ఒకటి బయటికి తీయించి మంచం పక్కన పెట్టుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చిన్నపిల్లలా సంబరపడ్డాను.

అప్పుడొచ్చింది శుక్ర మూఢం. మా ఆయన కరెంటు లెక్కల్ని ఎంత నమ్ముతారో పంచాంగాన్నీ అంతే నమ్ముతారు. మూఢంలో మనవాళ్ళు బండి కొనరు, శుభమా అని ఏదీ మొదలుపెట్టరు. అలాంటిది, ఒంట్లో బాగాలేని మనిషిని పెట్టుకుని దేశం దాటడమా?

"మూఢం వెళ్ళనీ కోటీ. ఇన్నాళ్ళు ఆగాం కదా. మంచి రోజు చూసి కొబ్బరికాయ కొట్టి మరీ బయల్దేరదాం," అని నన్ను బుజ్జగించారు.

ఆకాశంలో శుక్రుడు కనపడకపోతే కింద ఏసీ లేవదా అని అడిగాను. నవ్వేశారు. ఈతొచ్చాకే నీళ్ళలో దిగుతానన్నట్టుంటుంది ఆయన వ్యవహారం, ఏం చేస్తాం.

మనుషులకి మూఢం ఉంది గానీ జబ్బుకి లేదు. ఆ రోజుల్లోనే జ్వరమొచ్చింది. ఇంటింటా వచ్చే మామూలు జ్వరమే. కానీ వేడి లోపలి నుంచే వచ్చాక ఏసీ ఏం చేస్తుంది? ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేసరికి నా నడుము నిలవడం మానేసింది. కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతాను. అన్నం మెత్తగా జావలా చేసి పెట్టాలి, అదీ పొలమారకుండా. డాక్టరమ్మ తిన్నగానే చెప్పింది. పోయినవి ఇక తిరిగి రావు, ప్రయాణాల మాట మర్చిపోండి, ఆసుపత్రికి దగ్గరలో ఉండండి అంది. ఆయన పక్కనే నిలబడి అన్నింటికీ తలూపారు. ఒక్క ముక్క కూడా చెవిన పెట్టలేదని నాకు తెలుసు.

మూఢం వెళ్ళింది. ఆయన తలంటు పోసుకుని, బొట్టు పెట్టుకుని, లాప్‌టాప్ తెచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు. మంచి రోజు చూశారట. భద్రయ్య అంకుల్ ట్రైలర్ కడిగించి సిద్ధంగా ఉంచారట. తెర మీద ఎర్రటి జనరేటర్ బొమ్మ ఉంది. ఆయన వేలు ఆర్డర్ చేసే చోటే ఉంది గానీ నొక్కడం లేదు. వంటగది గుమ్మంలో చాందిని గోడవైపు తిరిగి నిలబడింది.

నొక్కితే కొనడం అయిపోతుంది. ఆ తరవాత బయల్దేరడమే మిగులుతుంది. బయల్దేరలేమని అప్పుడాయన ఒప్పుకోవాలి. నాకు సముద్రం ఎలాగూ లేదు. సాయంత్రమైతే నా పక్కన చేరి జనరేటర్లు చూసుకునే ఈ మనిషికి ఆ పని కూడా లేకపోతే ఎలా? నాకు ఏడుపొచ్చింది. దిగమింగాను. ఈమధ్య మింగడమూ పెద్ద పనే.

"ఏవండీ, దాని సౌండ్ ఒకసారి వినిపించండి," అన్నాను. మాట ముద్దముద్దగా వచ్చింది.

వీడియో పెట్టారు. నిజంగానే మంచిది. ఫ్యాను తిరిగినంత చప్పుడు కూడా లేదు. దాని పక్కన అలలు చక్కగా వినపడేవి.

"అబ్బే, ఎక్కువుందండీ," అన్నాను. "ఇంకోటి చూడండి."

ఆయన నా వంక చూశారు. అది అబద్ధమని ఆయనకి తెలుసు. తరవాత ఆ పేజీ మూసేసి, కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, మళ్ళీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టారు.