మంచు పదును

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గుంటూరు కాలేజీవాళ్లు డెమో క్లాసుకి ‘గతితర్కం’ అనే తత్వశాస్త్ర పాఠం ఇచ్చినప్పుడూ అదే వచ్చింది. లెక్చరర్ ఉద్యోగానికి ఇది నా మూడో డెమో. ముందు రెండు చోట్లా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పి ఇంటికొచ్చాను. ఈసారీ పోతే అమ్మతో పాటు మిరప కోతకే పోతానని శపథం చేసి మరీ బయల్దేరాను.

‘వాదం, ప్రతివాదం, సంవాదం’ అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలో ఒకమ్మాయి ఆవులించింది. నన్ను పరీక్షించడానికి కూర్చున్న ప్రొఫెసర్ నసీమున్నీసా గారు గడియారం చూశారు. నా నోరు ఎండిపోయింది. ఆ ఎండిపోవడంతోనే పర్చూరు దగ్గర మా ఊరి మిరప కల్లం గుర్తొచ్చింది. సుద్దముక్క కింద పెట్టేశాను.

“మా అమ్మ పుల్లమ్మ మిరపకాయల కూలీ. నేను డిగ్రీలో ఉండగా ఆమెకు జ్వరమొస్తే బదులు వెళ్లాను. ఎంత ఎండితే కాయ అంత నిలవుంటుందని నా తెలివి. రాత్రి మంచుకు మెత్తబడ్డాక తెల్లారగట్ల ఎత్తాల్సిన కుప్పను, మిట్టమధ్యాహ్నం బస్తాలకెత్తి తొక్కేశాను. రైతు యలమందయ్య గారు భోంచేసొచ్చేసరికి తొడిమలు ఒకవైపు, గింజలు ఒకవైపు. ఆయన నెత్తి కొట్టుకున్నారు. అమ్మ జ్వరంతోనే పరుగెత్తుకొచ్చింది.”

అమ్మ తిట్టు ఆమె గొంతుతోనే చెప్పాను: “ఒసేయ్ చదువులమ్మా! పచ్చికాయకి ఎండ తగలకపోతే బూజు పట్టుద్ది. ఎండుకాయకి మంచు తగలకపోతే పిండవుద్ది. ఏ తేమని తరిమామో ఆ తేమనే మళ్లీ పిలవాలే!”

క్లాసు గొల్లుమంది.

“అంటే మధ్యేమార్గమనేగా?” అన్నారు నసీమున్నీసా గారు.

“కాదండి. మంచు తగిలిన ఎండుకాయ మళ్లీ పచ్చికాయ అవదు. పచ్చినీ దాటింది, ఎండునీ దాటింది. అదే సంవాదం.”

“మరి ఇప్పటి సమాజంలో?”

“కూలీలందర్నీ ఒక్క మాటతో పిలవొచ్చని మా ఊరి మేస్త్రి వాట్సాప్ గ్రూపు పెట్టాడండి. ఆ గ్రూపులోనే ఆడవాళ్లు కూడబలుక్కుని, మధ్యాహ్నపు ఎండలో పనికి రామని ఒకే మాటగా చెప్పారు. అదుపు కోసం పెట్టిందే అతని అదుపు తప్పింది. అలాగని పని ఆగలేదు. ఇప్పుడు పనివేళలు మేస్త్రీ, ఆడవాళ్లూ కలిసి కూర్చుని ఒప్పుకున్నవి.”

ఆవిడ మళ్లీ గడియారం చూడలేదు.

సాయంత్రం ఉద్యోగం ఇస్తున్నామని ఫోనొచ్చింది. వెంటనే అమ్మకు చేశాను. జరిగిందంతా చెప్పి, “ఇదంతా నీ చలవేనమ్మా,” అన్నాను.

“ప్రభువుకు స్తోత్రం,” అంది అమ్మ. ఆ వెంటనే నవ్వింది. “అయితే ఒసేయ్ స్తుతీ, ముప్పయ్యేళ్లుగా కల్లంలో నేను చెప్తే కూలిదాన్ని. అదే మాట బోర్డు పక్కన నువ్వు చెప్తే లెక్చరరువా?”

ఈసారి కోపం రాలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. అమ్మకు ఎంత రుణపడి ఉన్నానో అప్పుడు తెలిసింది.

“నా మొదటి క్లాసు ఈ ప్రశ్నతోనే మొదలుపెడతా. నువ్వే వచ్చి అడగమ్మా.”

“వస్తాలే,” అంది. “పొద్దున్న మాత్రం పెట్టుకోమాకు, కాయలెత్తాలి. మంచు పదునుంటది.”