గుంట పూడ్చిన తర్వాత

నేను రాట్నం మీద నూలు కండెలు చుడుతూ ఉండగా మా ఆయన మగ్గం గుంటలోంచి లేచి, పంచె దులుపుకుని, "ఈ పడుగుతో చాలు సుందరా. ఇంక నేను గుంటలో కాలు పెట్టను" అన్నాడు. ఎనభై రెండులో, ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండెక్కి గుండు కొట్టించుకుని వచ్చిన మర్నాటి మాట అది. ఆయనకు అప్పటికి నలభై ఐదేళ్ళు. ఆస్తి అంటే ఈ పెంకుటిల్లు, ఆ మగ్గం. కూతురు పళ్ళిపట్టులో కాపురం చేసుకుంటోంది. నేను రాట్నం ఆపకుండానే "సరే మామా" అన్నాను. మా అమ్మ తమ్ముడే నా మొగుడు. ఆయన మాటకు సరే అనడం నాకు పెళ్ళికి ముందునుంచీ అలవాటు.

వారం తిరక్కముందే మగ్గం విప్పించి, గుంట పూడ్చి, పైన అలికించాడు. అలికింది నేనే అనుకోండి. మధ్యాహ్నం అక్కడే చాప వేసుకుని పడుకునేవాడు. పొద్దున టీ కొట్టు, తమిళ పేపరు. సాయంత్రం అరుగు. ఆస్తి లేకుండానే రిటైరైన ఆదిమూలం అని పొదటూరుపేటలో పేరొచ్చింది. ఎట్లా కుదిరిందని ఎవరడిగినా ఒకటే జవాబు. "మనిషికి ఏమి కావాల? రెండు పూటలా కూడు, ఉతికిన పంచె. ఆశలు తగ్గించుకుంటే నిమ్మళంగా ఉండొచ్చు." ఆ కూడు వండేదెవరు, పంచె ఉతికేదెవరు అని ఒక్కరూ అడగలేదు. నాకూ తోచలేదు. ఎంత తక్కువతో బతుకుతాడో మా ఆయన అని మురిసిపోయాను కూడా.

కూడు మాత్రం ఎక్కడినుంచో రావాలి కదా. పక్కవీధి తులసమ్మక్క మగ్గాల షెడ్డులో కండెలు చుట్టడానికి కుదిరాను. మొదటి శనివారం అక్క నా చేతిలో డబ్బులు పెట్టింది.

"ఇదేందక్కా?"

"కండెల కూలి."

"కండెలకు కూలేంది?" అని నవ్వాను. నిజంగానే అడిగాను. మా ఇంట్లో నూలిచ్చిన షావుకారు నేసిన లుంగీలు చూసుకుని కూలి ఆయన చేతికే ఇచ్చేవాడు. కండెలు అందులోనే కలిసిపోయేవి. నాకు అత్త అయిన మా అవ్వ అనేది, "మగ్గం మొగోడిది. రాట్నం దాని ఎంబడి వచ్చేదే గదా" అని. అమావాస్యకు మాకు మగ్గం ముట్టకూడదు. ఆ రోజు ఆయన టీ కొట్టు దగ్గరే ఉండేవాడు. నేను ఇల్లంతా కడిగి, పెద్దలకు పెట్టడానికి వడలకు రుబ్బి, వండి, అన్నీ అయ్యాక మర్నాటికి కండెలు చుట్టి పెట్టేదాన్ని. రాట్నం మగ్గం కాదట, దానికి సెలవు లేదు. ఆ శనివారం దారిలో నడుస్తుంటే కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక మొదట నా మీదే వచ్చింది. అదే చెయ్యి, అదే దారం. తులసమ్మక్క షెడ్డులో దాని పేరు పని. మా ఇంట్లో దాని పేరు ఊరికే ఇంట్లో ఉండటం.

నాకూ అప్పటికి నలభై దగ్గరపడింది. కుడిచెయ్యి పైకి లేవక జాకెట్టు తొడుక్కోవడమే కష్టంగా ఉండేది. నాకూ మానెయ్యాలని ఉండేది. మధ్యాహ్నం చాప వేసుకుని వాలాలని, ఎవరో వండింది తినాలని ఎంత ఆశగా ఉండేదో చెప్పుకోవడానికి సిగ్గేసేది. ఆయన మానెయ్యడానికి ఆస్తి అక్కర్లేకపోయింది. ఆశలు తగ్గించుకున్నానని అనుకునేవాడు గాని, తగ్గించుకున్నది ఆశలు కాదు, పని. ఆ పని ఎక్కడికీ పోలేదు. నడిచి నా దగ్గరికే వచ్చింది. మరి నేను మానేస్తే అది ఎవరి దగ్గరికి పోతుంది?

ఒక ఆదివారం సాయంత్రం కేశవన్ వచ్చాడు. ఆయన చిన్ననాటి స్నేహితుడు, తిరువళ్ళూరు వైపు ఫ్యాక్టరీలో పని, మణవాళనగర్‌లో అద్దెకు ఉండేవాడు. నేను షెడ్డునుంచి వచ్చేసరికి ఇద్దరూ అరుగు మీద ఉన్నారు.

"నాకూ అలుపొచ్చేసింది ఆదిమూలం. చేతిలో ఏమీ లేదు. నీ మాదిరి దిగిపోవాలంటే ముందు ఏమి చేయాల?"

"ముందు ఆశలు తగ్గించుకోవాల," అన్నాడు మా ఆయన. నన్ను చూసి, "సుందరా, రెండు కాఫీ" అన్నాడు.

గడప దాకా వెళ్ళినదాన్ని వెనక్కి తిరిగాను. ఆయన పక్కన అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాను. ఎదురింటి కన్నియమ్మ నీళ్ళు చల్లడం ఆపి చూసింది.

"ముందు మీ ఇంటామెను అడగన్నా," అన్నాను కేశవన్‌తో. "మామ అదొకటి చెప్పడం మరిచిపోయినాడు."

"కాఫీ..." అన్నాడు మా ఆయన.

"నేను కూడా రిటైరైపోయినాను మామా."

"నువ్వు రోజూ కండెలకు పోతా ఉండావు గదా?"

"దానికి పోతా. దానికి కూలి ఉండాది. కూలి లేని పనిలోంచి దిగేసినాను."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. నేను చాపిన కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. గిన్నెలు కదిలాయి. ఏదో మూత కిందపడి దొర్లింది.

"సుందరా, కాఫీపొడి యాడ ఉండాది?"

నేను కాపురానికి వచ్చిన రోజునుంచీ అది ఉన్నచోటే ఉంది. వెతుక్కోనీ అని, గోడకు వీపు ఆనించి కూర్చున్నాను.