చేతులు లేచిన ఆదివారం

సంకటి తెడ్డు ఇంకా నా చేతిలో ఉండగానే మామగారు కాగితం ముందు పెట్టారు. "ఇక్కడో సంతకం గీకెయ్ తల్లీ. ఆదివారం సభలో నీ చెయ్యి కూడా నేనే ఎత్తేస్తా. ఆ గోల నీకెందుకు!"

నాకు పెళ్లయి పంతొమ్మిది రోజులు. ఆ ఇంట్లో అన్నీ ముద్దొస్తున్నాయి. కిటికీ అద్దం మీద మంచు గీతలు, మా ఆయన దోరిన్ నా జడ కొసతో తన మీసం దువ్వుకోవడం, చివరికి తొమ్మిదిమంది తిన్న కంచాలు తోముతుంటే వేళ్లకు తగిలే వేడినీళ్లు కూడా. ఆ కాగితం మాత్రం ముద్దు రాలేదు. మా వ్రాంచా కొండల్లో అడవి ఊరందరి ఉమ్మడి. పద్దెనిమిదేళ్లు నిండిన అందరికీ, నిన్న కాపురానికొచ్చిన కోడలికీ సభలో ఒక ఓటు. కానీ ఆడవాళ్లు పొయ్యి దగ్గర సంతకం పెడతారు, మగవాళ్లు సభలో చెయ్యెత్తుతారు. ఈసారి ఊరి నెత్తిన నిటారుగా ఉన్న ఫర్ చెట్ల కొండవాలును ఓ కలప కంపెనీకి అమ్మేస్తారట. ఒక్క చెట్టూ మిగలదు.

"చేతులకు పిండి ఉంది మామయ్యా, తర్వాత పెడతాను," అన్నాను.

దోరిన్ కట్టెలు కొడుతూ నవ్వాడు. "కాలేజీలో నీకు మట్టి గురించి చెప్పారు గానీ మా నాన్న గురించి చెప్పలేదు, స్మరాండా. ఒక్క సంతకం పెట్టెయ్, ఇల్లు చల్లగా ఉంటుంది." ఆ మొహం చూస్తే పెట్టేద్దామనే అనిపించింది. కానీ చెట్ల వేళ్లు పోయాక అంత వాలులో మట్టి ఎన్నాళ్లు నిలుస్తుంది? రెండు పెద్ద వానలు. తర్వాత అది మా వంటింట్లోనే ఉంటుంది. పెళ్లయిన మూడో వారానికే నోరు మూసుకోవడం నేర్చుకుంటే, ముప్పయ్యేళ్లకు నాకు నోరుందన్న సంగతి నాకే గుర్తుండదు.

అత్తగారు జంఫీరాతో ఇదంతా చెప్పాను.

"ఆ వాలు గురించి నాకే పాఠమా?" అందావిడ దుంపల తొక్క తీస్తూ. "ప్రతి వేసవీ నడుం విరిగేలా అక్కడ పళ్లు ఏరేది నేనా, మీ మామా? ఏం లాభం, నా కాగితం ఎప్పుడో ఇచ్చేశా. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇస్తూనే ఉన్నా."

"మీరే సభకొస్తే ఆ కాగితం చెల్లదు అత్తయ్యా. నిబంధనల్లో ఉంది."

కత్తి ఆగింది. "ఎవరూ చెప్పలేదే!"

ఆదివారం బడి హాల్లో నేనొక్కదాన్నే ఆడదాన్ని. వెనక నుంచి ఎవరో అన్నారు: "ఏరా దోరిన్, నెల తిరక్కుండానే పెళ్లాం చెయ్యి దాటిందా?" హాలంతా నవ్వింది. దోరిన్ తల దించుకున్నాడు. నా చెవులు మండాయి. అయినా లేచి, వాలు గురించి, వాన గురించి నాకు తెలిసినదంతా చెప్పాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఏప్రన్‌తోనే జంఫీరా, ఆవిడ వెనక పంతొమ్మిదిమంది ఆడవాళ్లు.

"తొదేర్, నా కాగితం ఇటివ్వు," అంది మామగారితో.

అమ్మాలన్నవాళ్లు నలభై ఎనిమిది, వద్దన్నవాళ్లు యాభై ఏడు. దోరిన్ చెయ్యి నాన్నతోనే లేచింది. ఓడిపోయిన మొగుడు కూడా ముద్దొస్తాడని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికి అతని చెయ్యి పట్టుకునే నడిచాను. నా ఓటు మాత్రం నాదే.

దారంతా మామగారు గొణుగుతూనే ఉన్నారు. "ముప్పై ఒక్క ఏళ్లు నీ చెయ్యి నేనెత్తానే, జంఫీరా!"

"అందుకే కాబోలు, ఇవాళ భుజం పట్టేసింది," అందావిడ నిమురుకుంటూ. "ఏం ఫర్లేదు. అలవాటైపోతుంది."