అక్క రాసిన పేజీ

కన్ను పోయినవాళ్ళకి కన్ను చేసిపెట్టడం అతని పని. చూపు ఇవ్వలేడు కానీ, చూసేవాళ్ళకి తేడా తెలియకుండా చేయగలడు. ముందు మైనంతో అచ్చు తీస్తాడు. తర్వాత ప్లాస్టిక్ పెంకు చేసి, మనిషిని కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, ఉన్న కన్నును చూస్తూ లేని కన్నుకి రంగులు వేస్తాడు. కంటి తెలుపులో నరాల కోసం ఎర్ర పట్టుదారం పోగులు అంటిస్తాడు. వీధిలో అందరూ అతన్ని కళ్ళ మాస్టారు అంటారు.

మాస్టారికి మాటలు తక్కువ. ఆ లోటు అక్క తీర్చేది. పెళ్ళి ఊసు లేని ఇద్దరూ కింద కొట్టు, పైన ఇల్లు పెట్టుకుని ఏళ్ళు గడిపేశారు. ఫోను ఎత్తేది అక్క. కుర్చీలో కూర్చుని ఏడ్చేవాళ్ళ చెయ్యి పట్టుకునేది అక్క. కొట్టుకి వెబ్‌సైట్ పేజీ రాసింది కూడా ఆవిడే. జనం ఫోనులో అడిగే ప్రశ్నలే, వాళ్ళడిగిన మాటల్లోనే పెట్టింది. ప్లాస్టిక్‌దే అయినా జనానికి అది గాజు కన్నే. "గాజు కన్ను రాత్రి తీసి పడుకోవాలా?" "పెట్టుకుంటే నొప్పి పుడుతుందా?" "ఎదుటివాళ్ళు కనిపెట్టేస్తారా?" ఒక్కోదాని కింద నాలుగు ముక్కల్లో జవాబు. చూడ్డానికి పాతకాలం కరపత్రంలా ఉండేది. అయినా ఎక్కడెక్కడివాళ్ళో సరిగ్గా ఆ ప్రశ్నలే టైపు చేసి, ఆ పేజీ పట్టుకుని కొట్టు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

యాభై దాటాక అక్క పెళ్ళి చేసుకుంది. ఆయన ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఒక కన్ను చేయించుకోవడానికి వచ్చి రెండో కన్ను అక్క మీద వేశాడని వీధంతా నవ్వుకుంది. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"ఈ వయసులో అవసరమా అక్కా?" అన్నాడు.

"అవసరమేరా," అంది అక్క పెట్టె సర్దుకుంటూ. భర్త వెంట ఆయన ఊరు వెళ్ళిపోయింది.

అక్క లేని కొట్టులో మాస్టారు పనంతా నెట్టుకొచ్చాడు కానీ, ఆ పేజీని చూస్తే మనసు చివుక్కుమనేది. ప్రతి వాక్యం అక్క గొంతుతోనే వినబడేది. సరిగ్గా అప్పుడే, పక్క మేడలో వెబ్‌సైట్లు తయారుచేసే ఆయన ఒకరు మంచినీళ్ళ కోసం వచ్చి కంప్యూటర్లో తెరిచున్న పేజీ చూశాడు.

"ఇదేంటి మాస్టారూ, తాతలనాటి సరుకు! కొత్తగా చేసిపెడతాను. మీ పని తీరుకి తగ్గట్టు ఉండాలి కదా," అన్నాడు.

మాస్టారు సరేనన్నాడు. నిజానికి ఆ మాటలు కళ్ళ ముందు నుంచి పోతే చాలనుకున్నాడు.

కొత్త సైటు ధగధగలాడుతూ వచ్చింది. తెరంతా నీలం కన్ను. కింద "ఉత్తమ కృత్రిమ నేత్రం, నాణ్యమైన కృత్రిమ నేత్రం, మన్నికైన కృత్రిమ నేత్రం" అంటూ ఒకటే మాట పిండి రుబ్బినట్టు తిరుగుతూ ఉంది. "ఎంత ఎక్కువగా రాస్తే సెర్చ్‌లో అంత పైకొస్తాం," అన్నాడు సైటాయన. మాస్టారి కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ ఏనాడూ కృత్రిమ నేత్రం అనలేదు. గాజు కన్ను అనేవాళ్ళు, లేదా ఏమీ అనకుండా చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆ సంగతి మాస్టారికి తట్టింది కానీ చెప్పలేదు.

ఆ తర్వాత కొట్టు నిద్రపోయింది.

మొదట్లో వానలనుకున్నాడు. వానలు వెలిశాయి. డాక్టర్లే కళ్ళు పోకుండా కాపాడేస్తున్నారేమో, మంచిదే కదా అనుకున్నాడు. పాతవాళ్ళు ఎప్పుడైనా ఒకరు తమ కన్నుకి పాలిష్ పెట్టించుకోవడానికి వచ్చేవారు తప్ప కొత్త మొహం లేదు. కుంచెలు కడిగినవే కడిగేవాడు. పొద్దున్నే షట్టరెత్తి, కిటికీ దగ్గర ఖాళీ కుర్చీ తుడిచి, దానికెదురుగా కూర్చునేవాడు. మధ్యాహ్నానికి గొంతు పెగల్చాలంటే ఒకసారి దగ్గాల్సి వచ్చేది. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చేది.

అక్క ఫోనులూ తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. కొత్త కాపురం, తమ్ముడెందుకులే అనుకున్నాడు. ఆవిడకి లేనిది తనకెందుకని పంతానికి తనూ చేయలేదు. పని తనని వదిలేసింది, అక్క తనని వదిలేసింది. మాస్టారికి ఆ రెండూ ఒకటే సంగతిగా తోచాయి. ఇక కొట్టు అమ్మేద్దామనుకుంటూ ఉండగా ఒకనాటి ఉదయం ఫోను మోగింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు." అక్క గొంతు. "నా మీద అంత కోపమా?"

"ఏమైందక్కా?"

"నా పేజీ తీసేశావు కదరా. ఇక్కడ నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. మీ బావ మంచాయనే, కానీ ఆయన చేపల గాలమేసుకుని పోతే ఇల్లు బావురుమంటుంది. నువ్వు గుర్తొచ్చినప్పుడల్లా మన పేజీ తెరిచి చదువుకునేదాన్ని. ఒకరోజు తెరిస్తే 'ఈ పేజీ లేదు' అని వచ్చింది. కొట్టు పేరు కొట్టి వెతికాను. గాజు కన్ను అని వెతికాను. ఎక్కడా లేవు నువ్వు. అక్క గుర్తు ఒక్కటి కూడా ఉండకూడదనుకున్నాడు కాబోలు అని ఊరుకున్నాను. ఊరుకోలేక చేస్తున్నాను."

మాస్టారు కంప్యూటర్ వైపు తిరిగాడు. "లేకపోవడమేంటక్కా? కొత్త సైటు నా ఎదురుగా వెలిగిపోతోంది."

"నీకు నువ్వు కనబడితే సరిపోతుందట్రా?"

ఫోను పెట్టకుండానే మాస్టారు పక్క మేడ నుంచి సైటాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన కూర్చుని అవీ ఇవీ నొక్కాడు. ఒకచోట ఆగి, కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు.

"తప్పు నాదే మాస్టారూ. సైటు కడుతున్నప్పుడు ఎవరికీ కనబడకూడదని ఒక టిక్కు పెడతాం. నన్ను చూపించొద్దని సెర్చ్‌కి చెప్పడమన్నమాట. అది తీయడం మర్చిపోయాను. ఇన్నాళ్ళూ మీ కొట్టు తలుపు తీసే ఉంది, బోర్డు మీద మాత్రం రావద్దని ఉంది."

"మరి పాత పేజీ?" అడిగింది ఫోనులోంచి అక్క.

"అడ్రసులు మార్చేశానమ్మా. పాత అడ్రసుకొచ్చినవాళ్ళని కొత్తదానికి పంపే ఏర్పాటు చేయాలి. చేయలేదు. మాస్టారి దగ్గరికి మనుషుల్ని పంపే కంటాసుపత్రి వాళ్ళ సైటులో మీ పాత లింకే ఉంది. వాళ్ళు పంపినవాళ్ళంతా లేని పేజీకే వెళ్ళుంటారు." తలొంచుకుని, "పాత రాతలు దాచలేదు. పనికిరావనుకున్నాను," అన్నాడు.

ఆయన్ని తిట్టడానికి మాస్టారికి నోరు రాలేదు. అవి పోతే చాలనుకున్నది తనే కదా. టిక్కు తీసి, పాత అడ్రసులు కలిపి, సైటాయన వెళ్ళిపోయాడు.

"కూర్చో," అంది అక్క. "చెప్తాను, టైపు కొట్టు."

మాస్టారు ఒక్క వేలితో టైపు చేశాడు. గుర్తున్నవి గుర్తున్నట్టు చెప్పింది అక్క. "'నేత్రం' ఏంట్రా, తీసెయ్. కన్ను అను." "ఎన్నిసార్లు అనాలి?" "మనిషితో మాట్లాడేటప్పుడు ఎన్నిసార్లంటావు? అంతే." మధ్యలో ఇద్దరూ పోట్లాడుకున్నారు, నవ్వుకున్నారు.

"నేనన్న మాట తప్పక్కా," అన్నాడు మాస్టారు. "నీ పెళ్ళప్పుడు అన్నది."

"తెలుసులే," అంది అక్క. ఎప్పుడొస్తున్నావని ఆవిడ అడగలేదు. రమ్మని ఇతనూ అనలేదు.

అలా దిద్దగానే జనం ఎగబడలేదు. సెర్చ్‌లో పోయిన చోటు మళ్ళీ దక్కడానికి వారాలు పట్టింది. మాస్టారు ఎప్పట్లాగే కుంచెలు కడుగుతూ కూర్చున్నాడు. చివరికి ఒక తల్లి చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. పాపకి కణితి వచ్చి ఒక కన్ను తీసేశారట. చూడాల్సిందంతా చూసి మాస్టారు అచ్చు తీసే సామాను సర్దుతుంటే, ఆ తల్లి మెల్లగా అడిగింది.

"ఇది ఏడిస్తే ఆ కంట్లోంచి నీళ్ళొస్తాయాండీ?"

ఇలాంటివాటికి జవాబు అక్కే చెప్పేది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"వస్తాయమ్మా. మామూలుగానే వస్తాయి."

ఆవిడ పాప తల మీద గడ్డం ఆనించి ఏడ్చింది. ఏం చేయాలో తెలియక మాస్టారు గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు.

వాళ్ళు వెళ్ళాక అక్కకి ఫోను చేశాడు. ఎత్తలేదు. బావతో ఎక్కడికైనా వెళ్ళుంటుందనుకున్నాడు. మళ్ళీ చేద్దామని కాసేపు ఎదురుచూసి, కంప్యూటర్ ముందు కూర్చుని, పేజీ అడుగున ఆ తల్లి ప్రశ్నని ఆమె అడిగినట్టే ఒక్కో అక్షరం కొట్టాడు. జవాబు రాయడానికి చాలాసేపు పట్టింది.